మేనమామ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరలో రొయ్యల చెరువుల మీద పనిచేస్తాను. ఆరేళ్లుగా గంజాయి తాగుతున్నాను. మొదట్లో శని, ఆదివారాలే. ఇప్పుడు రోజూ రాత్రి కాపలాలో రెండు మూడు సార్లు. సిగరెట్టులో పొగాకు సగం తీసేసి కలుపుకుంటాను. మందు ముట్టను, పేకాట లేదు, ఎవరితోనూ గొడవ పడను. మందు తాగి రోడ్డు మీద పడిపోయేవాళ్ల కన్నా నేను నయం కాదా? ఆకే కదా, సాధువులు తాగేదే కదా. బ్రిటిష్ కాలంలో వేసిన కమిషన్ కూడా దీనివల్ల పెద్ద హాని లేదని తేల్చిందట. మొన్న కార్తీకం వానల్లో ఒక రాత్రి కరెంటు పోతే నేను జనరేటర్ వేయడం ఆలస్యమై ఒక చెరువులో రొయ్య మొత్తం చనిపోయింది. నిద్ర పట్టేసిందని చెప్పాను. అప్పటి నుంచి యజమాని నన్ను నమ్మడం లేదు. గట్టు మీద కుర్రాళ్లు నన్ను చూసి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఫోన్లలో కూడా నా గురించే పంపుకుంటున్నారని అనిపిస్తోంది. రెండుసార్లు మానేద్దామని చూశాను. నిద్ర పట్టదు, అన్నం సహించదు, అమ్మ మీద అరుస్తాను. నాలుగో రోజుకు మళ్లీ మొదలు. అంటే నా ఒంటికి అది అవసరమనే కదా? మా మేనమామకు పాతికేళ్లప్పుడు మతి చలించింది, ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. అది వేరే సంగతి, ఆయన గంజాయి ముట్టలేదు. మాఘమాసంలో నా పెళ్లి. అమ్మాయికి చెప్పాలా? ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు అవుతుందా? పేరు, ఊరు వేయకండి.

సమాధానం: నాయనా, నాకు మీ వయసు కొడుకు ఉన్నాడు. అయినా ఈ శీర్షికలో అందరినీ మీరు అనే అంటాను కనుక మిమ్మల్నీ అలాగే అంటాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మందు తాగేవాళ్ల గురించి, సాధువుల గురించి, కమిషన్ గురించి చాలా రాశారు. మేనమామ గురించి మాత్రం ‘అది వేరే సంగతి’ అని ఒక్క వాక్యంలో దాటేశారు. నన్ను భయపెట్టింది ఆ వాక్యమే. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

అది వేరే సంగతి కాదు. వయసులో ఉండగా మతి చలించి, ఏళ్ల తరబడి మందులు వాడవలసి వచ్చే జబ్బులు కొంతవరకు కుటుంబాల్లో నడుస్తాయి. మేనమామకు ఉన్నంత మాత్రాన మేనల్లుడికి వస్తుందని కాదు, చాలామందికి రాదు. గంజాయి తాగినవాళ్లలోనూ ఎక్కువమందికి రాదు. కానీ ఆ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు వైద్యులు ఊరుకోరు. స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి ఎంపికకు వచ్చిన 45 వేల మందికి పైగా యువకులను 15 ఏళ్ల పాటు గమనించారు. 18 ఏళ్లు వచ్చేలోపే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు పాతుకుపోవడం లాంటి లక్షణాలుండే జబ్బు, ముట్టనివాళ్లలో కన్నా ఆరు రెట్లు కనిపించిందని 1987లో ప్రకటించారు. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఐరోపాలో, బ్రెజిల్‌లో చేసి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో రోజూ తాగేవాళ్లకు మతి చలించే అవకాశం సుమారు మూడు రెట్లని తేలింది. గంజాయే జబ్బు తెస్తోందా, జబ్బు పొంచి ఉన్నవాళ్లే గంజాయి వైపు వెళుతున్నారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్లను వాదించుకోనివ్వండి. ఇంట్లో మేనమామను కళ్లారా చూస్తున్న మీకు ఆ వాదన తేలేదాకా ఆగే వెసులుబాటు లేదు.

ఇప్పుడు గట్టు మీద కుర్రాళ్ల సంగతి. వాళ్లు నిజంగానే మీ గురించి మాట్లాడుకుంటూ ఉండవచ్చు. పంట మీదున్న చెరువు ఒక్క రాత్రిలో పోతే మాట్లాడుకోరా? అందులో జబ్బేమీ లేదు. కానీ ఫోన్లలో కూడా నా గురించే అని రాశారు చూడండి, అక్కడ ఆగాను. ఆ అనుమానం తాగిన రెండు మూడు గంటలే ఉండి పోతోందా, పగలు మామూలుగా ఉన్నప్పుడు కూడా వెంటాడుతోందా? ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా? టీవీలోనో ఫోనులోనో వచ్చే మాటలు మీకోసమే అన్నారనిపిస్తోందా? అన్నంలో ఏదో కలిపారన్న భయం వచ్చిందా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబొచ్చినా ఇది చదివిన రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అన్నిటికీ కాదు అన్నా ఈ వారం దాటనివ్వకండి. పెళ్లి హడావుడి అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఇక మీ వాదన. మందు కన్నా నయమా అంటే, కొన్ని విషయాల్లో నయమే. గంజాయి మందులాగా కాలేయాన్ని తినేయదు. మోతాదు మించి ఊపిరి ఆగి చనిపోవడం మందుతో జరిగినట్టు దీనితో జరగదు. ఇది దాచి మిమ్మల్ని బెదిరిస్తే రేపు మీకే తెలిసి, నేను చెప్పిన మిగతా మాటలు కూడా నమ్మరు. అయితే మీ కష్టానికి కొలబద్ద రోడ్డు మీద పడిపోయినవాడు ఎందుకయ్యాడు? ఆరేళ్ల కిందటి మీతో పోల్చుకోండి.

కమిషన్ సంగతి మీరు సగమే చదివారు. 1893-94లో దాదాపు 1,200 మంది సాక్షులను విచారించిన ఆ కమిషన్, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని రాసిన మాట నిజం. అతిగా వాడితే హాని చేస్తుందని కూడా అదే నివేదికలో రాసింది. ఆరేళ్లుగా తాగుతూ ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లు. ఇది మితమో అతియో మీరే తేల్చుకోండి. సాధువు మాటకొస్తే, ఆయనకు తెల్లవారుజామున జనరేటర్ వేయవలసిన పని లేదు, మాఘమాసంలో పెళ్లీ లేదు. ఇక ఆకు అన్నారు. మన చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకును, గింజలను చట్టమే ఆ నిర్వచనంలోంచి మినహాయించింది. మీరు తాగుతున్నది పూత, మత్తు పదార్థం చిక్కగా ఉండేది అందులోనే. పొట్లం మీద అది ఎంత పాలు ఉందో రాసిచ్చేవాడు ఎవడూ లేడు. పైగా మీరు దాన్ని కలిపేది పొగాకులో. ఆకు కనుక హాని లేదనే మాట పొగాకు పండించే మన రెండు జిల్లాల వాళ్లు అనవలసిన మాట కాదు.

మీకు బాగా తెలిసిన చెరువు మీదనే ఇది చూద్దాం. నీళ్లలో పాచి పగలంతా ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఇది నాకన్నా మీకు బాగా తెలుసు. సరిగ్గా ఆ వేళకే మీరు మత్తులో ఉంటున్నారు. గంజాయి కాలం అంచనాను తప్పిస్తుంది. ఇప్పుడే అనుకున్న పనిని అంతలోనే జారవిడుస్తుంది. ‘కరెంటు పోయింది, జనరేటర్ వేయాలి’ అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. వచ్చి, చేతిదాకా చేరలేదు. నిద్ర పట్టేసిందన్న మాట యజమానికి చెప్పారు సరే, మీకు మీరు చెప్పుకోకండి. ఇంకొక మాట, తడి గట్లు, నీళ్లలో మోటార్లు, చీకట్లో కరెంటు తీగలు. చెరువు పోతే డబ్బు పోతుంది. తీగ తగిలితే ఏమి పోతుందో మీ అమ్మగారిని అడగండి.

‘నా ఒంటికి అది అవసరమనే కదా’ అని అడిగారు. ఈ తప్పు లెక్క మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరకు వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరు ఇదే మాట అంటారు. గంజాయిలో మత్తునిచ్చే పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, ఆయన సహచరుడు విడదీశారు. ఆ పదార్థం మెదడులో వెళ్లి కూర్చునే పీటలు ముందే ఎందుకున్నాయని వెతుకుతూ పోతే, 1992లో మన మెదడు తనంతట తాను తయారు చేసుకునే సరుకు ఒకటి దొరికింది. దానికి మన సంస్కృతపు ఆనందం మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలి, నిద్ర, భయం, జ్ఞాపకం వీటన్నిటినీ ఒక మట్టంలో ఉంచడంలో దానికి పని ఉంది. రోజూ బయటి నుంచి గంజాయి వచ్చి పడుతుంటే మెదడు ఆ పీటలను తగ్గించుకుంటుంది. బయటి సరుకు ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆకలి ఉండదు, నిద్ర ఉండదు, చిటపటలు, దిగులు, చెమటలు. మానసిక వైద్యులు వాడే అమెరికా గ్రంథంలో 2013 నుంచి దీనికి ప్రత్యేకంగా చోటు ఉంది. ఆపిన ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది, మొదటి వారంలో ఉద్ధృతంగా ఉంటుంది, రెండు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది. నిద్ర మాత్రం కుదుటపడడానికి ఇంకొంత కాలం పట్టవచ్చు. స్కాన్లు తీసి చూస్తే నాలుగు వారాల్లో ఆ పీటలు మళ్లీ మామూలు సంఖ్యకు దగ్గరయ్యాయి.

అంటే మీరు నాలుగో రోజున పడిన బాధ మీ ఒంటికి గంజాయి అవసరమని చెప్పేది కాదు, గంజాయి వదులుతోందని చెప్పేది. ఏరు దాటేటప్పుడు నడుమే లోతు. మీరు రెండుసార్లూ నడుమ దాకా వెళ్లి, ఇంత లోతా అని వెనక్కి వచ్చారు.

ఈసారి దిగేటప్పుడు ఏర్పాట్లు చేసుకుని దిగండి. రెండు వారాల పాటు రాత్రి కాపలా వద్దు. యజమానికి ఒంట్లో బాగాలేదని, పగటి పని ఇవ్వమని అడగండి. అది అబద్ధం కాదు. ఆ రాత్రి నిజంగా ఏమి జరిగిందో ఆయనకు చెప్పాలా అంటే, చెబితే బాగుండునని నా మనసు అంటుంది. కానీ మీ జీతం నా చేతిలోది కాదు కనుక పట్టుబట్టను. కోలుకునేదాకా రాత్రి చెరువు బాధ్యత తీసుకోకపోవడం మాత్రం మీరు ఆయనకు బాకీ ఉన్నారు. మొదటి వారంలో కలలు ఉద్ధృతంగా, ఒక్కోసారి భయంకరంగా వస్తాయి. గంజాయి ఇన్నాళ్లు అణిచిపెట్టిన కలల నిద్ర ఒక్కసారిగా తిరిగి రావడమే దానికి కారణం. ఇది ముందే అమ్మగారికి చెప్పి ఉంచండి. లేకపోతే ఆవిడ దిష్టి తీయించడానికి తిరుగుతారు. తిరిగినా ఫరవాలేదు, ఆసుపత్రికి వెళ్లడం మాత్రం ఆపకూడదు. నిద్ర కోసం మందుల దుకాణంలో అడిగి బిళ్లలు తెచ్చుకోవద్దు, ‘రెండు పెగ్గులు వేస్తే పడుకుంటావు’ అనే మిత్రుడి మాట వినవద్దు. సిగరెట్టు వెలిగించినప్పుడల్లా చెయ్యి పాత అలవాటుకే పోతుంది, అందుకని పొగాకు సంగతి కూడా వైద్యుడికి చెప్పండి. గంజాయి అలవాటును తీసేసే మాత్ర ఏదీ లేదు. నిద్రకు, ఆందోళనకు అవసరమైతే వైద్యుడే ఏదైనా ఇస్తారు. మిగతాదంతా కూర్చోబెట్టి మాట్లాడే వైద్యం. అది వినడానికి చప్పగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

అందరూ బానిసలవుతారా అంటే, అవరు. కేంద్రం 2018లో సర్వే చేయించి 2019లో ప్రకటించిన లెక్కల్లో దేశంలో ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవాళ్లు సుమారు 3.1 కోట్ల మంది. వాళ్లలో దానివల్ల ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షలు. మీరు ఈ 72 లక్షల వైపు ఉన్నారని నేననుకోవడానికి మూడు కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. వారానికి రెండు రోజులు కాస్తా రోజుకు రెండు మూడుసార్లయింది, మానాలనుకుని మానలేకపోయారు, చెరువు పోయాక కూడా ఆపలేదు.

మీరు రాయని వాటి గురించి కూడా అడగాలని ఉంది. మీరు తాగిన గంటలనే లెక్క వేశారు. ఆ గంటల్లో ఎవరితోనూ గొడవ లేదు, నిజమే. మిగతా గంటల లెక్క ఏది? గంజాయి తాగని స్నేహితుడితో చివరిసారి కూర్చుని మాట్లాడింది ఎప్పుడు? తాగకుండా చేపల పులుసు రుచిగా అనిపించి ఎన్నాళ్లయింది? బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్లి, సాయంత్రమయ్యేసరికి ఏదో వంక చెప్పి వెనక్కి వచ్చేయలేదా? ఉత్తరం నిండా మనుషులున్నారు గానీ యజమాని, కుర్రాళ్లు, ఆఖరికి పెళ్లికూతురు కూడా మీరు జాగ్రత్తపడవలసిన మనుషులుగానే ఉన్నారు. ఒక్క స్నేహితుడి పేరు లేదు. అబద్ధం ఒకటి చెప్పినవాడు దాన్ని కాపాడుకోవడానికి మనుషులకు దూరం జరుగుతాడు. దూరం జరిగినవాడిని ఊరు అనుమానిస్తుంది. ఆ అనుమానాన్ని మరిపించే గంజాయి మళ్లీ రాత్రి కాపలా గుడిసెలోనే ఉంటుంది.

ఊరి తప్పు లేదని నేననను. బెల్టు షాపు ముందు పగలే కూర్చునే పెద్దమనిషికి పంచాయతీలో కుర్చీ వేస్తారు, పొట్లంతో దొరికిన కుర్రవాడికి జీవితాంతం మాసిపోని పేరు పెడతారు. ఆ పేరుకు భయపడే చాలామంది ఆసుపత్రి మెట్లెక్కరు. కానీ ఊరు మారేదాకా మీరు ఆగలేరు.

కేసు విషయం సూటిగా చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి తాగడం నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర పెట్టుకుంటే, కిలో లోపు అయినా సరే, ఏడాది దాకా శిక్ష పడవచ్చు. చిన్న మొత్తం అంటే శిక్ష చిన్నదనే గానీ నేరం కాదని కాదు. కొనడం, అమ్మడం, రవాణా చేయడం అన్నీ అదే సెక్షన్ కింద వస్తాయి కనుక మిత్రుల కోసం నాలుగు పొట్లాలు ఎక్కువ తేవడాన్ని చట్టం స్నేహధర్మంగా చూడదు. మన ఊళ్ల మీదుగా మద్రాసు వెళ్లే జాతీయ రహదారి మీద, రైళ్లలో తనిఖీలు ఎలా జరుగుతున్నాయో మీరూ చూస్తున్నారు. ‘ఈ సంచి గూడూరులో దించేయ్’ అని ఎవరైనా అడిగితే ఆ స్నేహం అక్కడితో సరి. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు.

అయితే అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. తాగిన నేరానికి గానీ చిన్న మొత్తానికి గానీ కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానే ముందుకు వచ్చి, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం తీసుకుంటే అతడిని విచారించకూడదని అందులో ఉంది. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మీ మీద కేసే లేదు. వైద్యం కోసం వచ్చినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, మత్తు వల్ల వచ్చే మానసిక ఇబ్బందులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. వైద్యుడి దగ్గర నిజం చెప్పడానికి భయపడకండి. ఎంత, ఎన్నాళ్లు, ఎలా, అన్నీ చెప్పండి. వెళ్లేలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416. రెండూ ఉచితం, రెండోది తెలుగులో రాత్రింబవళ్లు పలుకుతుంది.

అమ్మాయికి చెప్పాలా? చెప్పాలి. ఈ ఒక్క జవాబులో నాకు తడబాటు లేదు. పెద్దల ద్వారా కాదు, మధ్యవర్తి ద్వారా అసలే కాదు, మీరే చెప్పాలి. ముందు వైద్యుడిని కలిసి, ఆ పది పదిహేను రోజులు గడిచాక చెప్పండి. అప్పుడు ‘తాగేవాడిని, మానే పనిలో ఉన్నాను, ఫలానా చోట చూపించుకుంటున్నాను’ అని చెప్పడానికి మీ దగ్గర ఒక మాట ఉంటుంది. మేనమామ సంగతి కూడా చెప్పండి. ఆ అమ్మాయి కాదనవచ్చు. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే అదే మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతోంది. కానీ ఆలోచించండి, ఆ అమ్మాయి మీ ఇంటికి వచ్చిన రెండో వారంలో వాసన పసిగడుతుంది. అప్పుడు కాదనడానికి ఆమెకు దారి ఉండదు, మీకు తలెత్తి మాట్లాడే చోటు ఉండదు. ‘పెళ్లయితే అదే కుదురుకుంటుంది’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక ఆడపిల్ల జీవితం మీకు చికిత్స కాదు. ముహూర్తం ఫాల్గుణానికి జరపవలసి వస్తే జరపండి.

నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊరివాళ్లు చూస్తారన్న బెదురు ఉంటే ఒంగోలు సర్వజన ఆసుపత్రికి వెళ్లండి, అక్కడా ఉంది. ఉదయాన్నే చీటీ తీసుకోవాలి కనుక మొదటి బస్సుకు బయలుదేరండి. ఒంటరిగా వద్దు, అమ్మగారిని తీసుకెళ్లండి. మీరు చెప్పని సంగతులు ఆవిడ చెబుతారు, వైద్యుడికి అవి కావాలి. మేనమామ వాడుతున్న మందుల చీటీలు, పాత కాగితాలు ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటాయి. ఆయన్నే అడిగి అవి వెంట తీసుకెళ్లండి.